గొంతును పట్టి ఆపిన కండెన్సర్

మా నర్మెట్టలో ఫోను ముచ్చట ఎత్తితే ఎవరైనా ఎస్టీడీ బూతు దగ్గరే మొదలుపెడతారు. నేను టెలిఫోన్ మెకానిక్‌గా బతికినవాణ్ని, కండెన్సర్ దగ్గర మొదలుపెడతాను. అంకెలూ చిప్పులూ పేరు కొట్టేశాయి గానీ, ఊళ్లకు ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీ రావడంలో సగం పని దానిదే.

ఆపరేటరు ప్లగ్గు గుచ్చి లైను కలిపే రోజుల్లో తీగలో పోయేది గొంతే, కరెంటు రూపంలో. దూరం పోయేకొద్దీ అది నీరసించేది. మధ్యలో బలం పోస్తే గరగర కూడా బలిసేది. ట్రంకాల్‌లో అంతంత కేకలు పెట్టింది అందుకే. దీనికి విరుగుడు పారిస్‌లో ఐటీటీ ప్రయోగశాలలో పనిచేసిన ఆలెక్ రీవ్స్ అనే ఇంగ్లీషాయనకు తట్టింది. గొంతును పంపడం మానేసి, దాన్ని ఎప్పటికప్పుడు కొలిచి ఆ కొలతలను అంకెలుగా పంపమన్నాడు. 1938లో ఫ్రాన్సులో పేటెంటు పెట్టాడు. అప్పటి వాల్వులతో అది గిట్టుబాటయ్యే పని కాదు. ట్రాన్సిస్టర్లు వచ్చాక, 1962లో అమెరికాలో బెల్ కంపెనీ 24 సంభాషణలను ఒకే లైను మీద నడిపింది.

ఫోనులో వినపడే గొంతు 3,400 హెర్ట్జ్ దాటదు. దానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలవాలి కాబట్టి సెకనుకు 8,000 కొలతలని స్థిరపడింది. అంటే కొలతకూ కొలతకూ మధ్య 125 మైక్రోసెకన్లు. చిక్కేమిటంటే కొలిచే సర్క్యూట్ ఒక్క దెబ్బకు అంకె చెప్పదు. సగం కంటే ఎక్కువా, పావు కంటే ఎక్కువా అని ఒక్కో బిట్టు తేల్చుకుంటూ పోతుంది. ఈలోపు గొంతు ఆగుతుందా? మేకను కాంటాకు వేలాడదీసినప్పుడు అది కాళ్లు కొట్టుకుంటే ముల్లు నిలవదు, ఎవరో ఒకరు దాన్ని పట్టుకోవాల్సిందే. శాంపిల్ అండ్ హోల్డ్ అనే సర్క్యూట్ చేసేది ఆ పట్టుకునే పనే, ఆ క్షణపు వోల్టేజీని కండెన్సర్ మీద ఆపి ఉంచుతుంది.

బెర్నార్డ్ గోర్డన్ అనే అమెరికన్ ఇంజనీరు 1954లో అమ్మకానికి పెట్టిన డేట్రాక్ యంత్రంలో ఈ పట్టు ఉంది. అది సెకనుకు 50,000 కొలతలు తీసేది. నిండా వాల్వులే, దాదాపు 70 కిలోల బరువు. ఆ తర్వాత ఇదే పని ఎనిమిది కాళ్ల ఐసీలోకి దిగింది. ఎల్ఎఫ్ 398 అనే ఐసీ కొని బల్ల మీద పెట్టుకుంటే సంగతి అర్థమవుతుంది. మూడో కాలికి వోల్టేజీ ఇవ్వాలి, ఆరో కాలికి కండెన్సర్ పెట్టాలి. ఎనిమిదో కాలు పైకి లేపితే లోపలి స్విచ్చు మూసుకుంటుంది, ఐదో కాలి దగ్గర వోల్టేజీ మూడో కాలిని అనుసరిస్తుంది. ఎనిమిదో కాలు కిందికి దించగానే స్విచ్చు తెరుచుకుంటుంది. ఇక మూడో కాలి దగ్గర ఏం తిప్పినా ఐదో కాలు కదలదు. కొత్త కుర్రవాళ్లు మీటరు తీసుకెళ్లి నేరుగా ఆరో కాలికే పెడతారు. అంతే, వోల్టేజీ కారిపోతుంది. 0.01 మైక్రోఫారడ్ కండెన్సర్‌ను పది మెగోమ్‌ల మీటరు సెకనులో పదో వంతులోనే మూడింట రెండొంతులు ఖాళీ చేస్తుంది. అందుకే ఆ చార్జీని ముట్టకుండా చదివే యాంప్లిఫయరును ఐసీలోనే పెట్టారు. కండెన్సర్ కూడా మంచిది కావాలి, పాలీప్రొపిలీనో పాలీస్టైరీనో. చవక సిరామిక్ పెడితే పాత వోల్టేజీ వాసన వదలదు. ఎలక్ట్రోలైటిక్ సంగతి సరే సరి.

మన దగ్గర ఈ విద్య ముందు అణుశక్తి శాఖలో పాతుకుంది. మొగల్లుకు చెందిన ఏ.ఎస్.రావు గారి చొరవతో 1967లో హైదరాబాదులో ఆ శాఖ కిందే ఈసీఐఎల్ అనే ఎలక్ట్రానిక్స్ సంస్థ పుట్టింది. అక్కడ తయారైన మల్టీచానల్ అనలైజర్లలాంటి పరికరాల్లో, రేడియేషన్ డిటెక్టరు నుంచి వచ్చే పల్సు శిఖరాన్ని కండెన్సర్ మీద ఆపి ఎత్తు కొలవడమే అసలు పని. శాంపిల్ అండ్ హోల్డ్‌కు అది దాయాది.

ఫోను వైపు మలుపు 1975లో వచ్చింది. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో మెక్‌క్రియరీ, గ్రే కలిసి కండెన్సర్ల వరుసనే చిప్పులో పోసి, పట్టుకోవడమూ కొలవడమూ రెండూ వాటితోనే చేయించారు. నా లెక్కలో ట్రాన్సిస్టరు తర్వాత ఫోనుకు జరిగిన పెద్ద మేలు అదే. కొలత యంత్రం అంత చిన్నదై, అంత చవకైతే గానీ లైనుకొక కోడెక్, అంటే గొంతును అంకెలుగా మార్చే చిప్పు, పెట్టడం కుదరదు. మన దేశంలో 1984లో మొదలైన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ చేసిన 128 లైన్ల గ్రామీణ ఎక్స్ఛేంజీ 1986 జూలైలో కర్ణాటకలోని కిత్తూరులో తొలిసారి నడిచింది. దానికి ఏసీ గది అక్కర్లేదు. మా వైపు మే నెల ఎండలు ఎరిగినవాళ్లకు ఆ ఒక్క మాట చాలు.

8,000 లెక్కతో ఒక తంటా ఉండేది. 3,400 హెర్ట్జ్ పైన కోసేయడంతో ‘స’, ‘ఫ’ ఒకేలా వినిపించేవి. సాయిలు అని పేరు చెబితే అవతలివాళ్లు రెండుసార్లు అడిగేవాళ్లు. ఇప్పుడు 4జీ వోల్టే కాల్‌లో సెకనుకు 16,000 కొలతలు, గొంతు 7,000 హెర్ట్జ్ దాకా పోతుంది. సాయిలు ఇప్పుడు మొదటిసారికే సాయిలుగా చేరుతున్నాడు.