మిస్సింగ్ కొట్టే సిలిండర్‌ను పట్టించే దీపం

ఎనిమిది సిలిండర్ల ఇంజిన్‌లో ఒకటి మండకపోయినా కారు ఆగదు. కాస్త వణుకుతుంది, లాగుడు తగ్గుతుంది. అసలు నష్టం వెనక జరుగుతుంది. మండకుండా మిగిలిన పెట్రోలు పొగగొట్టంలోకి చేరి కెటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. ఆ వేడికి అందులోని తేనెపట్టు లాంటి పింగాణీ దిమ్మె కరిగిపోతుంది. మెకానిక్‌లు ‘మిస్సింగ్’ అనే ఈ లోపాన్ని కారే కనిపెట్టి చెప్పాలన్న నిబంధనకు మూలం లాస్ ఏంజెలెస్ పొగలో ఉంది.

నగర జనం కళ్లు మండించే ఆ పొగ ఎలా పుడుతోందో 1950ల మొదట్లో కాల్‌టెక్ శాస్త్రవేత్త ఏరీ హాగెన్‌స్మిట్ తేల్చాడు. కార్లు, చమురు శుద్ధి కర్మాగారాలు వదిలే హైడ్రోకార్బన్లు ఎండలో నైట్రోజన్ ఆక్సైడ్లతో కలవడమే కారణం. 1967లో కాలిఫోర్నియా వాయు వనరుల మండలి ఏర్పడితే దానికి ఆయనే తొలి అధ్యక్షుడయ్యాడు. 1975 మోడళ్లతో అమెరికా కార్లలోకి కన్వర్టర్లు వచ్చాయి. వాటిని కాపాడుకోవాలంటే ఇంజిన్ మీద నిఘా ఉండాలి. 1988 మోడళ్ల నుంచి కారు తనను తాను పరీక్షించుకోవాలని కాలిఫోర్నియా ఆదేశించింది.

అప్పట్లో ఏ కంపెనీ కోడ్‌లు దానివే. ఆనాటి షెవ్రొలే కార్వెట్‌లో డాష్‌బోర్డు కింది ప్లగ్గులో రెండు పిన్నులను తీగముక్కతో కలిపి తాళం తిప్పితే ‘చెక్ ఇంజిన్’ దీపం ఒకసారి వెలిగి, ఆగి, రెండుసార్లు వెలిగేది. అది 12వ కోడ్. కంప్యూటర్ పనిచేస్తోందని అర్థం. నిల్వ ఉన్న లోపాల కోడ్‌లు ఆ తర్వాత వచ్చేవి. ఏ సిలిండర్ మండలేదో మాత్రం ఆ దీపం చెప్పలేకపోయేది.

ఆ లోటు తీర్చింది 1994లో మొదలై 1996 నాటికి అమెరికా కార్లన్నిటికీ తప్పనిసరైన ఓబీడీ-2 అనే స్వీయ పరీక్ష వ్యవస్థ. మన దేశంలో అది బీఎస్-4 కార్లకు 2013 ఏప్రిల్ నుంచి వచ్చింది. 16 పిన్నుల సాకెట్, అందరికీ ఒకే కోడ్‌లు. పీ0301 అంటే ఒకటో సిలిండర్, పీ0308 అంటే ఎనిమిదోది. పీ0300 అంటే ఒకచోట నిలవని మిస్‌ఫైర్. దీన్ని పట్టే పద్ధతి ముచ్చటైనది. వీ8లో క్రాంక్‌షాఫ్ట్ 90 డిగ్రీలు తిరిగినప్పుడల్లా ఒక సిలిండర్ మండి దానికి చిన్న ఊపునిస్తుంది. ఊపు అందకపోతే క్రాంక్‌షాఫ్ట్‌తో తిరిగే పళ్లచక్రం లిప్తపాటు మందగిస్తుంది. సెన్సర్ ఆ తేడాను పసిగడుతుంది. కన్వర్టర్‌కే ముప్పు వచ్చేంత మిస్‌ఫైర్‌ను 200 చుట్ల లెక్కలో కంప్యూటర్ తేల్చగానే దీపం ఆగి ఆగి వెలుగుతుంది. అప్పుడు యాక్సిలరేటర్ వదిలి నెమ్మదించడమే మంచిది.

1996 కార్వెట్ ఎల్‌టీ1 ఇంజిన్‌కు ఈ నిఘా కోసమే క్రాంక్ సెన్సర్ జోడించారు. 1992లో వచ్చిన ఆ ఇంజిన్‌లో ఆప్టిస్పార్క్ డిస్ట్రిబ్యూటర్ సరిగ్గా వాటర్ పంపు కింద ఉండేది. పంపు కారితే తడి దానిలోకే చేరేది. ఎనిమిది సిలిండర్లకూ నిప్పురవ్వనిచ్చేది ఒకే కాయిల్ కాబట్టి దాన్ని పంచే డిస్ట్రిబ్యూటర్ చెడితే లోపం ఏ ఒక్క సిలిండర్‌కో పరిమితం కాదు. 1997లో సీ5 కార్వెట్‌తో వచ్చిన ఎల్‌ఎస్1 ఇంజిన్ ఒక్కో సిలిండర్‌కు ఒక్కో కాయిల్ ఇచ్చింది. వెతుకులాటను తేలిక చేసిన మార్పు ఇదే.

పీ0303 వస్తే మూడో సిలిండర్ కాయిల్ తీసి ఐదోదానికి పెట్టి నడపాలి. కోడ్ పీ0305గా మారితే దోషం కాయిల్‌దే. మారకపోతే ప్లగ్గు, తీగ, ఇంజెక్టర్, చివరికి కంప్రెషన్ చూడాలి. కోడ్ చూడగానే కొత్త కాయిల్ కొనడం డబ్బు దండగ. అది సిలిండర్ పేరు చెబుతుంది, కారణం చెప్పదు. పీ0300తో పాటు, పెట్రోలు కంటే గాలి పాలు ఎక్కువైందని చెప్పే పీ0171, పీ0174 కూడా ఉంటే ఇంజిన్ ఎక్కడో దొంగగాలి పీలుస్తోందేమో చూడాలి. క్రాంక్ సెన్సర్ మార్చాక పళ్లలోని సూక్ష్మమైన తేడాలను స్కానర్ సాయంతో కంప్యూటర్‌కు మళ్లీ నేర్పాలి. లేదంటే లేని మిస్‌ఫైర్ కనబడవచ్చు.

సిలిండర్లు, వేగం పెరిగేకొద్దీ క్రాంక్ వేగంలోని తేడా పట్టుకోవడం కష్టం. అందుకే నిమిషానికి 8,250 చుట్లు తిరిగే బీఎండబ్ల్యూ ఎం5 వీ10 ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్గునే సెన్సర్‌గా వాడారు. నిప్పురవ్వ ఆరాక మండుతున్న వాయువు గుండా పారే అయాన్ విద్యుత్తును కొలిచి, ఆ సిలిండర్ మండిందో లేదో నేరుగా తెలుసుకుంటారు.