కాన్ఫిగరేషన్ ఫైళ్లలో ప్రత్యేక అక్షరాలు: చారిత్రక నేపథ్యం

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు కింది అంశాలను వివరించగలుగుతారు:
- వరస ముగింపు గుర్తు ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక్కో విధంగా ఉండటానికి కారణాలు
- బ్యాక్‌స్లాష్‌కు రెండు అర్థాలు ఏర్పడిన తీరు
- యూటీఎఫ్-8 వల్ల తీరిన ఇబ్బందులు, మిగిలిన ఇబ్బందులు

1. పరిచయం

ఒక ప్రోగ్రాం ఏ ఫోల్డరును వాడాలో, ఏ సంకేతపదంతో డేటాబేస్‌ను తెరవాలో తెలిపే పాఠ్య ఫైలును కాన్ఫిగరేషన్ ఫైలు అంటారు. విండోస్‌లో చక్కగా పనిచేసిన ఫైలు లినక్స్‌కు మార్చగానే మొరాయించడం మీరు చూసే ఉంటారు. తెరమీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా కంటికి కనిపించని అక్షరాలలో ఉంటుంది. దాని మూలాలు తెలియాలంటే అర్ధ శతాబ్దం వెనక్కి వెళ్లాలి.

2. టెలిటైపు వారసత్వం

అమెరికాలో 1963లో ఆస్కీ ప్రమాణం వెలువడింది. ఆనాటి టెలిటైపు యంత్రంలో కొత్త వరస మొదలుకావాలంటే రెండు పనులు జరగాలి: అచ్చువేసే భాగం ఎడమ అంచుకు తిరిగి రావాలి, కాగితం ఒక వరస జరగాలి. మొదటి పనికి క్యారేజ్ రిటర్న్ (13), రెండో పనికి లైన్ ఫీడ్ (10) అనే సంకేతాలు ఏర్పడ్డాయి.

మల్టిక్స్ బాటలో నడిచిన యూనిక్స్, ఫైలులో లైన్ ఫీడ్ ఒక్కటి చాలని నిర్ణయించింది. సీపీ/ఎం రెండింటినీ ఉంచింది. 1981లో వచ్చిన ఎంఎస్-డాస్, ఆ తరవాత విండోస్ అదే పద్ధతిని అనుసరించాయి. పాత మ్యాకింటాష్ క్యారేజ్ రిటర్న్ మాత్రమే వాడేది. 2001లో మ్యాక్ ఓఎస్ టెన్‌తో యూనిక్స్ పద్ధతికి మారింది.

దీని ఫలితం గమనించండి. విండోస్‌లో రాసిన ఫైలును లినక్స్‌లోని ప్రోగ్రాం చదివినప్పుడు, అది క్యారేజ్ రిటర్న్‌ను తొలగించకపోతే ఆ సంకేతం విలువకు అంటుకుని ఉండిపోతుంది. మీరు సరైన సంకేతపదమే రాసినా డేటాబేస్ తిరస్కరిస్తుంది.

3. బ్యాక్‌స్లాష్: రెండు సంప్రదాయాలు

ఎంఎస్-డాస్ మొదటి రూపంలో ఉప డైరెక్టరీలు లేవు. '/' గుర్తును ఆదేశాల ఐచ్ఛికాలకు వాడేవారు. 1983లో రెండో రూపం డైరెక్టరీలను తెచ్చింది. యూనిక్స్ లాగా '/' వాడదామంటే అది అప్పటికే వేరే పనిలో ఉంది. అందువల్ల '\' ఎంపికయింది.

అయితే 1970లలో రూపొందిన సి భాషలో '\'కు మరో పని ఉంది. దాని తరవాత 'ఎన్' వస్తే కొత్త వరస, 'టి' వస్తే ట్యాబ్. జావా ప్రాపర్టీస్, జేసాన్ వంటి ఫైళ్లు ఈ సంప్రదాయాన్నే తీసుకున్నాయి. 'టెంప్' అనే ఫోల్డరు దారిని ఆంగ్ల లిపిలో ఒకే '\'తో రాస్తే, మొదటి అక్షరం ట్యాబ్‌గా మారి దారి చెడిపోతుంది. '\\' అని రెండుసార్లు రాయడం దీనికి పరిష్కారం. '/' రాసినా విండోస్ చాలావరకు అంగీకరిస్తుంది.

4. యూటీఎఫ్-8, తెలుగు లిపి

1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ యూటీఎఫ్-8ను రూపొందించారు. ఇందులో ఆస్కీ అక్షరాలు మారవు; తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. 'అమ్మ' అనే పదంలో అ, మ, పొల్లు, మ అనే నాలుగు సంకేతాలు, మొత్తం 12 బైట్లు ఉంటాయి. ఫైలును పాత లాటిన్ సంకేతావళిగా చదివితే ఆ బైట్లు అర్థంలేని గుర్తులుగా విడిపోతాయి.

2017లో జావా 9 వచ్చేవరకు భాషానువాదాల ప్రాపర్టీస్ ఫైళ్లను లాటిన్ సంకేతావళిగానే చదివేవారు. తెలుగు అక్షరం ప్రతిదాన్నీ '\'తో మొదలయ్యే సంఖ్యా రూపంలో రాయవలసి వచ్చేది. తాను రాసిన తెలుగు వాక్యాన్ని అనువాదకుడే ఆ ఫైలులో చదువుకోలేని స్థితి అది.

విండోస్ నోట్‌ప్యాడ్ చాలాకాలం యూటీఎఫ్-8 ఫైలు మొదట్లో మూడు బైట్ల గుర్తును చేర్చేది. దాన్ని ఊహించని ప్రోగ్రాం మొదటి వరసలోని పేరును గుర్తించలేదు. 2019 నుంచి నోట్‌ప్యాడ్ మామూలుగా ఆ గుర్తు లేకుండానే ఫైలును భద్రపరుస్తోంది.

5. సారాంశం

ఈ నిర్ణయాలలో ప్రతి ఒక్కటీ ఆనాటి అవసరానికి తగినదే. టెలిటైపు యంత్రాలు పోయాయి. వాటి సంకేతాలు మన ఫైళ్లలో మిగిలాయి. కాబట్టి ఫైలును ఒక వ్యవస్థ నుంచి మరో వ్యవస్థకు మార్చే ముందు వరస ముగింపు, బ్యాక్‌స్లాష్, సంకేతావళి అనే మూడింటినీ తప్పక పరిశీలించండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. కొత్త వరసకు టెలిటైపులో రెండు సంకేతాలు ఎందుకు అవసరమయ్యాయి?
2. ఎంఎస్-డాస్ '/'కు బదులు '\'ను ఎందుకు ఎంచుకుంది?
3. మీ పేరును తెలుగులో రాసి, యూటీఎఫ్-8లో దానికి ఎన్ని బైట్లు అవసరమో లెక్కించండి.