కారులో ఓడి ఇంట్లో గెలిచిన రిఫార్మర్

హైడ్రోజన్ కారు అనగానే "పొగ రాదు, నీళ్ళే వస్తాయి" అంటారు. నిజమే. కానీ ఆ హైడ్రోజన్ ఎక్కణ్ణుంచి వస్తుంది? 1990ల్లో కార్ల కంపెనీలు ఈ ప్రశ్న దగ్గరే తెగ అవస్థ పడ్డాయి.

ఫ్యూయెల్ సెల్ కొత్తదేం కాదు. విలియం గ్రోవ్ 1842లోనే ప్లాటినం పలకలతో "గ్యాస్ బ్యాటరీ" చేశాడు. 1960ల్లో జెమిని, అపోలో నౌకల్లో కరెంటు ఇచ్చింది ఫ్యూయెల్ సెల్సే. వాటికి హైడ్రోజన్ టాంకుల్లో సిద్ధంగా ఉండేది. రోడ్డు మీద కారుకి ఆ వైభోగం ఎక్కడిది? హైడ్రోజన్ బంకుల్లేవు మరి.

సరే, మిథనాల్ పోసుకుని కారులోనే హైడ్రోజన్ తీద్దాం అనుకున్నారు. ఆ పని చేసే బుల్లి రియాక్టరే రిఫార్మర్. డైమ్లర్ వాళ్ళు 1997లో నెకార్ 3 చూపించారు. 2002లో నెకార్ 5 శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వాషింగ్టన్ దాకా వెళ్ళింది కూడా. డెమో సూపర్ హిట్ అన్నమాట!

ప్రొడక్షన్‌కి మాత్రం వెళ్ళలేదు. ఎందుకంటే రిఫార్మర్లో హైడ్రోజన్‌తో పాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా పుడుతుంది. అది సెల్‌లోని ప్లాటినానికి అతుక్కుపోయి హైడ్రోజన్‌కి చోటు లేకుండా చేస్తుంది. పదుల పీపీఎం ఉన్నా చాలు, సెల్ నీరసపడుతుంది. దాన్ని తీసెయ్యడానికి రిఫార్మర్ వెనక ఇంకో ఒకట్రెండు రియాక్టర్లు పెట్టాలి. ఒక్కోదానికి ఒక్కో కెటలిస్టు, ఒక్కో ఉష్ణోగ్రత. ఇవన్నీ వేడెక్కేదాకా పొద్దున్నే ఆఫీసుకెళ్ళేవాడు ఆగుతాడా? పైగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా లోడు మారిపోతుంది. చివరికి 2004లో అమెరికా ఇంధన శాఖ కారులో రిఫార్మర్ల పరిశోధన ఆపేసింది.

అక్కడితో కథ అయిపోలేదు. 2009లో జపాన్‌లో ఎనెఫార్మ్ పేరుతో ఇళ్ళకి ఫ్యూయెల్ సెల్స్ అమ్మడం మొదలెట్టారు. పైపులో వచ్చే గ్యాసు, దాని వెనక అదే వరస రియాక్టర్లు. తేడా ఏంటంటే, ఇల్లు కదలదు. గంటల తరబడి నిలకడగా నడుస్తుంది, వృథా అయ్యే వేడి స్నానాల నీళ్ళకి పోతుంది. లక్షల ఇళ్ళల్లో పెట్టారు.

నా మటుకు నాకు అర్థమైంది ఇదీ: కారులో రిఫార్మర్‌ని ఓడించింది కెమిస్ట్రీ కాదు, లోడ్ ప్రొఫైల్. మనమూ "ఈ టెక్నాలజీ వేస్ట్" అని తేల్చేముందు ఏ లోడు కింద వేస్టో అడగడం మంచిది.

ఇంకోమాట. గ్యాసులోని కార్బన్ ఎక్కడికీ పోదు. ఇప్పటికీ హైడ్రోజన్‌లో ఎక్కువ భాగం పెద్ద ప్లాంటుల్లో నికెల్ కెటలిస్టు మీద సహజవాయువు నుంచే తీస్తున్నారు. కిలో హైడ్రోజన్‌కి సుమారు 9-10 కిలోల కార్బన్ డయాక్సైడ్ పైకి పోతుంది. కారు వెనక నీళ్ళే కనిపిస్తాయి, పొగ ఇంకో ఊళ్ళో ఉంటుంది. మీరేమంటారు?