సుబ్బారావు గారి ఐదు నిమిషాలు

హనుమాన్ జంక్షన్‌లో రక్త పరీక్షల ల్యాబుల్లో పనిచేసేవాళ్ళెవరైనా చదువుకునే రోజుల్లో రికార్డు పుస్తకంలో రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే ‘ఫిస్కే–సుబ్బారావు పద్ధతి’ రాసే ఉంటారు. ఆ సుబ్బారావు 1895లో మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఈ సంగతి పిల్లలకు పాఠంతో పాటే చెప్పాలి.

ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలిస్తే పసుపుపచ్చని పదార్థం వస్తుందని స్వీడన్‌లో బెర్జీలియస్ 1826లోనే రాశాడు. దాన్ని క్షయకరణం చేస్తే నీలిరంగు తేలుతుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. అయితే 1920లో బెల్, డాయిసీ ఇచ్చిన పద్ధతిలో ఆ నీలం నిలకడగా ఉండేది కాదు. 1922లో బ్రిగ్స్ దాన్ని సవరించాడు. హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే, సుబ్బారావు ఇంకో క్షయకారిణిని పట్టుకుని 1925లో తమ పద్ధతిని ప్రచురించారు.

ఆ విధానం రాసిన తీరు చూడండి. స్టాండర్డు ద్రావణానికి లీటరులో 0.3509 గ్రాముల పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేటు. అంటే 5 మిల్లీలీటర్లలో సరిగ్గా 0.4 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్. ‘కొంచెం’, ‘తగినంత’ అన్న మాటలకు చోటే లేదు. ఆమ్లం పాళ్ళు కూడా కచ్చితం. ఆమ్లం తగ్గితే ఫాస్ఫేటు లేకపోయినా మాలిబ్డేటే నీలమైపోతుంది, మితిమీరితే రంగు సరిగ్గా తేలదు. రీడింగు ఐదు నిమిషాలకు.

నా దృష్టిలో అసలు గొప్ప ఆ ఐదు నిమిషాలదే. కండరం నుంచి తీసిన ఫిల్ట్రేటుకు ఇదే పరీక్ష చేస్తే రంగు అంతటితో ఆగలేదు, ఆ తర్వాతా ముదురుతూనే పోయింది. రీడింగుకు వేళంటూ రాసిపెట్టి లేకపోతే ఈ ఆలస్యం ఎవరి కంటా పడేది కాదు. వాళ్ళు దాన్ని పొరపాటని కొట్టిపారేయకుండా వెంటపడ్డారు. ఆమ్లంలో మెల్లగా విడిపోతూ ఫాస్ఫేటును వదులుతున్న పదార్థం ఒకటి బయటపడింది. అదే 1927లో ప్రకటించిన ఫాస్ఫోక్రియాటిన్. 1929లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీనీ వాళ్ళు ప్రకటించారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా దాన్ని విడిగా కనుక్కున్నాడు.

ఇప్పటి ఆటో ఎనలైజర్లలో చాలావాటికి రంగుతో పనిలేదు. అతినీలలోహిత కాంతితో కొలుస్తాయి. ఫాస్ఫేటును పట్టేది మాత్రం మాలిబ్డేటే. కాలేజీ ప్రాక్టికల్స్‌లో మాత్రం పిల్లలు ఆ నీలాన్ని ఇప్పటికీ తమ చేతులతోనే తేలుస్తున్నారు. రికార్డులో విధానం రాసేటప్పుడు వాళ్ళు పక్కవాడి పుస్తకం చూసి దించకుండా, ఎంత పోశారో, ఎన్ని నిమిషాలకు చూశారో తమ అంకెలే వేయాలని నా కోరిక.