వార్షిక రాబడి శాతం

పొదుపు చేసిన సొమ్ము మీద ఏడాది తిరిగేసరికి, వడ్డీ మీద వడ్డీతో సహా, అసలులో ఎంత శాతం చేతికొస్తుందో చెప్పే అంకె వార్షిక రాబడి శాతం. వడ్డీని ఏడాదికి ఒక్కసారే అసలులో కలిపితే ఇదీ, ప్రకటించిన వడ్డీ రేటూ ఒకటే. అంతకన్నా ఎక్కువసార్లు కలిపితే రాబడి ఆ రేటును దాటుతుంది.

భారతీయ బ్యాంకులు ఫిక్స్‌డ్ డిపాజిట్లకు సాధారణంగా మూడు నెలలకోసారి చక్రవడ్డీ కడతాయి. 7 శాతం రేటుకు లక్ష రూపాయలు వేస్తే మొదటి విడత 1,750 రూపాయలు జమవుతుంది. రెండో విడతలో 1,01,750 మీద లెక్క కాబట్టి 1,781, ఆపైన 1,812, చివరికి 1,843 వస్తాయి. మొత్తం 7,186 రూపాయలు, అంటే 7.19 శాతం. బారువడ్డీ అయితే 7,000 దగ్గరే ఆగేది. సూత్రం ఇది: రేటును విడతల సంఖ్యతో భాగించి 1 కలిపి, దాన్ని విడతల సంఖ్యంత ఘాతానికి హెచ్చించి, 1 తీసేయాలి. ఇక్కడ (1 + 0.07 ÷ 4)⁴ − 1 = 0.0719.

విడతలు పెంచినకొద్దీ రాబడి అంతులేకుండా పెరగదు. అదే 7 శాతానికి నెలనెలా కలిపితే 7.23, రోజూ కలిపితే 7.25, క్షణక్షణం కలిపినా అక్కడే ఉంటుంది. నూటికి నూరు వడ్డీ ఇలా కలుపుతూ పోతే రూపాయి ఏడాదిలో 2కీ 3కీ మధ్య ఆగుతుందని స్విస్ గణితవేత్త జాకబ్ బెర్నౌలీ 1683లో గ్రహించాడు. ఆ విలువే 2.718. సేవింగ్స్ ఖాతాలకు 2010 ఏప్రిల్ 1 నుంచి రోజువారీ నిల్వ మీద వడ్డీ లెక్కిస్తున్నారు గానీ, అంతమాత్రాన రోజూ చక్రవడ్డీ కట్టినట్టు కాదు.

ఈ లెక్క అసలు విలువ పోస్టాఫీసు పథకాలను పోల్చేటప్పుడు తెలుస్తుంది. 2023 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం ఐదేళ్ల టైమ్ డిపాజిట్‌కు 7.5 శాతం, జాతీయ పొదుపు పత్రానికి (ఎన్‌ఎస్‌సీ) 7.7 శాతం. మొదటిదాని వడ్డీని మూడు నెలలకోసారి, రెండోదాని వడ్డీని ఏడాదికోసారి లెక్కగడతారు కనుక వార్షిక రాబడి 7.71, 7.70. దాదాపు సమానమే. తేడా ఏడాది దాటాక బయటపడుతుంది. డిపాజిట్ వడ్డీని ఏటా చెల్లిస్తారు. తీసుకోకుండా వదిలేసినా దాని మీద మళ్లీ వడ్డీ రాదు. 10,000 రూపాయలకు ఏటా 771 చొప్పున ఐదేళ్లకు అసలుతో కలిపి 13,855 అందుతుంది. ఎన్‌ఎస్‌సీలో వడ్డీ అసలులోనే కలిసిపోతుంది కాబట్టి అదే సొమ్ము 14,490 అవుతుంది. తక్షణం వడ్డీ అవసరం లేని కుటుంబానికి ఎన్‌ఎస్‌సీయే మేలు.

దీర్ఘకాల డిపాజిట్ల ప్రకటనల్లో రాబడి అని వేసే అంకెను మరింత జాగ్రత్తగా చూడాలి. పైన చెప్పిన 7 శాతం డిపాజిట్ ఐదేళ్లలో 41.48 శాతం పెరుగుతుంది. దాన్ని ఐదుతో భాగించి 8.30 శాతం అని చూపితే అది సగటు మాత్రమే. వార్షిక రాబడి ఏ ఏడాదీ 7.19 దాటదు. అమెరికాలో 1991 నాటి పొదుపు చట్టం ఈ గందరగోళానికి తావివ్వకుండా, బ్యాంకులన్నీ ఒకే పద్ధతిలో లెక్కగట్టిన వార్షిక రాబడినే ఖాతాదారులకు తెలపాలని నిర్దేశించింది.