మౌలాలి గుర్రప్పందేల మైదానం

మౌలాలి గుర్రప్పందేల మైదానం నిజాం పాలనలో సికింద్రాబాద్ శివారున పందేలు జరిగిన, నేడు ఉనికిలో లేని క్రీడాస్థలం. హైదరాబాద్ గుర్రప్పందేల చరిత్ర ఇక్కడే మొదలవుతుంది.

1798 ఒప్పందం ప్రకారం నిజాం రాజ్యంలో నిలిచిన ఈస్టిండియా కంపెనీ సైన్యం వల్ల 1806లో సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఏర్పడింది. అక్కడి అధికారులకు పోలో, గుర్రప్పందేలు ప్రధాన వినోదాలు. స్థానిక ప్రభువులకూ అశ్వాలపై మక్కువ తక్కువేమీ కాదు. ఉదాహరణకు, నిజాం సేనలోని ఆఫ్రికన్ అశ్వికదళం మూలాలు వనపర్తి సంస్థానంలోనివే. నిజాం ఆదరణతో 1868లో మౌలాలిలో పందేలు ప్రారంభమయ్యాయి. అప్పుడు అయిదో నిజాం అఫ్జలుద్దౌలా పాలకుడు, మొదటి సాలార్‌జంగ్ దివాను. కొండపై దర్గా, దిగువన కవయిత్రి మహ్ లఖా బాయి చందా (1768–1824) సమాధి ఉన్నందున ఆ ప్రాంతం అప్పటికే ప్రసిద్ధం.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1886లో పందేలను మలక్‌పేటకు తరలించడంతో మౌలాలి మైదానం మూతపడింది. అది నడిచింది 18 ఏళ్లే. అయినా నగరంలో ఈ క్రీడకు పునాది వేసిన ఘనత దానిదే. రైలు మార్గం, లోకో షెడ్లు, పరిశ్రమలు, ఆపై నివాస కాలనీలు రావడంతో మౌలాలి నగరంలో కలిసిపోయింది.

మలక్‌పేటలో పందేలను 1961లో స్థాపితమైన హైదరాబాద్ రేస్ క్లబ్ నిర్వహిస్తోంది.