పళ్లబుట్ట కింద పుట్టిన పరిచర్య

1892 మార్చి 11న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్ ఊళ్లో, జనం ముందు మొట్టమొదటి బాస్కెట్‌బాల్ ఆట జరిగింది. ఒకవైపు ఉపాధ్యాయులు, రెండోవైపు వాళ్ల విద్యార్థులే. చూడ్డానికి రెండు వందల మంది దాకా వచ్చారు. విద్యార్థులు 5-1తో గెలిచారు. ఉపాధ్యాయుల తరఫున ఆ ఒక్క బంతినీ బుట్టలో వేసినాయన ఏమాస్ అలోంజో స్టాగ్. పాస్టరు కావాలని యేల్ విశ్వవిద్యాలయంలో దైవశాస్త్రంలో చేరి, మధ్యలో వదిలేసిన మనిషి. ఆటను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ మాంట్రియల్‌లో దైవశాస్త్రం పూర్తిచేసి కూడా ప్రసంగ వేదిక ఎక్కకుండా వ్యాయామశాలకు వచ్చినవాడు. వాళ్లు పనిచేసిన చోటు వై.ఎం.సి.ఏ. అనే యువకుల క్రైస్తవ సంఘం తన కార్యదర్శులకు తర్ఫీదు ఇవ్వడానికి పెట్టుకున్న బడి.

ఈ సంగతి తెలిసిన రోజున నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అమెరికా కాలేజీ క్రీడాకారుల మధ్య ఇప్పుడు ఫెలోషిప్ ఆఫ్ క్రిస్టియన్ అథ్లెట్స్, అథ్లెట్స్ ఇన్ యాక్షన్ లాంటి సంస్థలు పరిచర్య చేస్తున్నాయి. కొన్ని కాలేజీల్లో రెండూ కలిసి ఒకే కూడిక నడుపుతాయి. వీటి వేళ్లు ఎక్కడున్నాయో చూద్దామని బయల్దేరితే దారులన్నీ ఆ బుట్టల కిందికే వచ్చాయి.

అంతకు ముందు కథ ఇంగ్లండులో ఉంది. 1882లో ఓవల్ మైదానంలో ఇంగ్లండు ఆస్ట్రేలియా చేతిలో 7 పరుగుల తేడాతో ఓడింది. యాషెస్ అన్న పేరు పుట్టింది ఆ ఓటమి నుంచే. ఆ రోజు చివర్లో బ్యాటింగుకు వచ్చి, ఒక్క బంతి కూడా ఎదుర్కోకుండానే అవతలి వికెట్లు పడిపోవడం చూస్తూ నిలబడిపోయినవాడు సి.టి. స్టడ్. మూడేళ్లు తిరక్కుండానే, 1885లో, అతను క్రికెట్ వదిలి మరో ఆరుగురితో కలిసి మిషనరీగా చైనా వెళ్లిపోయాడు. కేంబ్రిడ్జ్ ఏడుగురు అని వాళ్లకు పేరు. పేరున్న ఆటగాళ్లు అన్నీ వదులుకుని వెళ్లడం అక్కడి కాలేజీ కుర్రాళ్లను కుదిపేసింది. స్టడ్ అన్న కైనాస్టన్, ఆయనా క్రికెటరే, అమెరికా కాలేజీలు తిరుగుతూ 1886 జనవరిలో కార్నెల్‌లో మాట్లాడాడు. ఆలస్యంగా వచ్చి వెనక కూర్చున్న జాన్ మాట్ అనే విద్యార్థి చెవిన పడినవి రెండు మూడు వాక్యాలే. అవే అతని జీవితాన్ని తిప్పేశాయి. మాట్ తర్వాత ప్రపంచ విద్యార్థి క్రైస్తవ ఉద్యమానికి నాయకుడయ్యాడు. 1946లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నాడు.

ఆ రోజుల్లో చాలామంది విశ్వాసుల దృష్టిలో ఆట అంటే సాతాను పని. నైస్మిత్ అనుభవమే సాక్ష్యం. కెనడాలోని ఆల్మాంట్ దగ్గర పుట్టాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులిద్దరూ టైఫాయిడ్‌తో పోతే మేనమామ దగ్గర పెరిగాడు. చదువు మానేసి కొన్నేళ్లు అడవిలో కలప కొట్టి, మళ్లీ బడికి వెళ్లాడు. మెక్‌గిల్‌లో చదువుతూ రగ్బీ ఆడుతుంటే, తోటి విద్యార్థులు అతని ఆత్మ కోసం ఒక గదిలో చేరి ప్రార్థన చేశారట. అతన్ని మార్చింది ఆ ప్రార్థన కాదు, మైదానంలో జరిగిన ఒక చిన్న సంఘటన. ఆట మధ్యలో పక్కనున్న ఆటగాడు కోపం పట్టలేక బూతు మాట అనేసి, నైస్మిత్‌ను చూసి క్షమించమన్నాడు. నైస్మిత్ ఏనాడూ అతన్ని మందలించలేదు, నీతులు చెప్పలేదు. తను పక్కన ఉండటం వల్లనే ఆ కుర్రాడు నాలుక్కరుచుకున్నాడు. ప్రసంగం చెయ్యకుండా కూడా మనిషికి మేలు చెయ్యవచ్చన్నమాట అని నైస్మిత్ మనసులో పడింది. ఈ మొత్తం చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైన క్షణం ఇదే.

స్టాగ్‌దీ దగ్గర దగ్గర ఇదే దారి. యేల్‌లో పేరుమోసిన బేస్‌బాల్ పిచర్. డబ్బిస్తామని వృత్తి జట్లు పిలిచినా వెళ్లలేదు. తనకు మాట్లాడటం చేతకాదని నమ్మకం కుదిరాక, మైదానమే తన ప్రసంగ వేదిక అనుకున్నాడు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో స్టాగ్ ఫుట్‌బాల్ జట్టు కట్టాడు, నైస్మిత్ అందులో సెంటర్. స్టాగ్ గారి క్రైస్తవులు అని ఆ జట్టుకు పేరొచ్చింది. 1890 డిసెంబరులో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, కప్పు కింద, యేల్ జట్టుతో తలపడి ఓడినా గట్టి పోటీ ఇచ్చింది.

ఇక 1891 చలికాలం. బయట మంచు, లోపల పద్దెనిమిది మంది పెద్దపిల్లలు. డ్రిల్లన్నా కసరత్తులన్నా విసిగిపోయి, అప్పటికే ఇద్దరు ఉపాధ్యాయుల్ని విసిగించిన తరగతి. శాఖాధిపతి లూథర్ గ్యులిక్ నైస్మిత్‌కు ఆ తరగతి అప్పజెప్పి, లోపల ఆడుకునే కొత్త ఆట తయారుచెయ్యమని పద్నాలుగు రోజులు గడువిచ్చాడు. ఫుట్‌బాల్‌ను లోపలికి తెస్తే ఎముకలు విరుగుతాయి. ఎందుకు విరుగుతాయి? బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ణి పడగొట్టాలి కనక. అయితే బంతి పట్టుకుని పరిగెత్తకూడదని నియమం పెడితే సరి. గోలు నేల మీద ఉంటే బంతిని బలం కొద్దీ విసురుతారు. తలకంటే ఎత్తున పెడితే మెల్లగా, కమాను తిప్పి వెయ్యాల్సిందే. ఈ రెండో ఆలోచన చిన్నప్పుడు ఊళ్లో రాళ్లతో ఆడిన ఆట నుంచి వచ్చింది. కాపలాదారుణ్ణి రెండు పెట్టెలు అడిగితే అతను పీచ్ పళ్ల బుట్టలు రెండు తెచ్చాడు. వాటిని పదడుగుల ఎత్తున బాల్కనీకి మేకులతో కొట్టారు. పదమూడు నియమాలు టైపు చేయించి గోడకు అంటించారు. ఒక్కో పక్షాన తొమ్మిదిమంది. ఆ తొలి ఆట 1-0తో ముగిసింది.

ఆ నియమాల్లో దేవుడి పేరు ఎక్కడా లేదు. కానీ పక్కవాణ్ణి భుజంతో నెట్టకూడదు, పట్టుకోకూడదు, కొట్టకూడదు అన్న మాటలు ఉన్నాయి. నైస్మిత్ విశ్వాసం ఆ మాటల్లో ఉంది. బలవంతుడికీ బలహీనుడికీ ఒకే నేల మీద చోటిచ్చే ఆట తయారుచెయ్యడమే ఆయన చేసిన పరిచర్య.

నాలుగేళ్లకు, 1895లో, అదే బడిలో చదివిన విలియమ్ మోర్గన్ పక్కనున్న హోలియోక్ వై.ఎం.సి.ఏ.లో వాలీబాల్ తయారుచేశాడు. బాస్కెట్‌బాల్ పరుగు తట్టుకోలేని నడివయసు వాళ్ల కోసం. సాయంత్రం పూట మన పల్లెల్లో వల కట్టి ఆడే ఆ ఆట మన దేశానికి వచ్చింది కూడా వై.ఎం.సి.ఏ. చేతుల మీదుగానే. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదివిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాల స్థాపించాడు. మన ఆంధ్ర జిల్లాలు ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజులవి. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు భారత జట్టును వెంటబెట్టుకు వెళ్లింది ఆయనే. డ్రిల్లు మాస్టారంటే బెత్తం పట్టుకున్న మనిషి కాదు, చదువుకున్న ఉపాధ్యాయుడు అన్న గౌరవం మన దేశంలో అలాంటి చోట్ల నుంచే మొదలైంది.

ఇంకో తీగ నేరుగా మన నేలకే వస్తుంది. వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణాది అంతా తిరిగిన తమిళుడు వి.ఎస్. అజరయ్య 1909లో డోర్నకల్ వచ్చి తెలుగువాళ్ల మధ్య స్థిరపడ్డాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినప్పుడు అధ్యక్ష స్థానంలో ఉన్నది జాన్ మాట్. ఆ సభలో అజరయ్య లేచి, మీరు ఇచ్చినవన్నీ సరే, మాకు కావలసింది స్నేహితులు అన్న భావంతో ప్రసంగించాడు. సంస్థలు కలిసి పనిచెయ్యడం గురించి నేను విన్న మాటల్లో ఇంత సూటిది మరొకటి లేదు.

స్టాగ్ 1892లోనే షికాగో విశ్వవిద్యాలయానికి వెళ్లి 41 ఏళ్లు ఫుట్‌బాల్ నేర్పాడు. నైస్మిత్ 1898లో కాన్సస్ విశ్వవిద్యాలయంలో ప్రార్థనాలయం బాధ్యతా, వ్యాయామ విద్యా రెండూ చేపట్టాడు. అక్కడ కోచ్‌గా 55 ఆటలు గెలిచి 60 ఓడాడు. ఆ విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ కోచ్‌లందరిలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువున్నది ఆయనొక్కడికే. ఆటను కనిపెట్టినందుకు ఆయన డబ్బు చేసుకోలేదు. ఆ పదమూడు నియమాల కాగితం 2010 వేలంలో 43 లక్షల డాలర్లు పలికింది. 1933లో కాన్సస్‌కు జాన్ మెక్‌లెండన్ అనే నల్లజాతి విద్యార్థి వచ్చాడు. అతన్ని కాలేజీ జట్టులో ఆడనివ్వలేదు. నైస్మిత్ అతనికి గురువై నిలిచాడు, అతను దేశం మెచ్చిన కోచ్ అయ్యాడు. కానీ ఆటకు పుట్టిల్లయిన వై.ఎం.సి.ఏ. కూడా అప్పట్లో నల్లవాళ్లకు వేరే భవనాలు కట్టింది. బలహీనుడికి చోటిచ్చిన ఆట పుట్టిన ఇంట్లోనే ఆ గోడ ఉండటం పెద్ద తప్పు. దాన్ని దాచి ఈ చరిత్ర చెప్పకూడదు.

ఆ తర్వాతి దశాబ్దాల్లో వై.ఎం.సి.ఏ. మెల్లగా వ్యాయామశాలగా, వసతి గృహంగా మారింది. కాలేజీల్లో దాని ఆత్మీయ పని పలచబడింది.

మళ్లీ నిప్పు రాజుకున్నది 1954లో. డాన్ మెక్‌లానెన్ ఓక్లహోమాలో ఒక చిన్న కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్. పత్రికల్లో ఆటగాళ్ల బొమ్మలతో వచ్చే ప్రకటనలు చూసి, సబ్బులు అమ్మిపెట్టగలిగిన మనిషి తన విశ్వాసం గురించి మాట్లాడలేడా అనుకున్నాడు. పేరున్న పందొమ్మిది మందికి ఉత్తరాలు రాశాడు. అందులో ఒకరు పిట్స్‌బర్గ్ బేస్‌బాల్ జట్టు అధికారి బ్రాంచ్ రికీ. ఆదివారం ఆడనన్నందుకు 1904లో సిన్సినాటి జట్టు వదిలేసిన మనిషి, 1947లో నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్‌ను బరిలోకి దించి జాతి గోడ పగలగొట్టిన మనిషి. అయిదు నిమిషాలకని లోపలికి వెళ్లిన మెక్‌లానెన్ అయిదు గంటల తర్వాత బయటికి వచ్చాడని ఆ సంస్థవాళ్లు చెప్పుకుంటారు. ఆ మాటల్లోంచే ఫెలోషిప్ ఆఫ్ క్రిస్టియన్ అథ్లెట్స్ లేచింది. 1956లో కొలరాడోలోని ఎస్టెస్ పార్క్‌లో జరిగిన తొలి జాతీయ శిబిరానికి 256 మంది వచ్చారు. పదేళ్లకు, 1966లో, క్యాంపస్ క్రూసేడ్ అనే విద్యార్థి పరిచర్య నీడన డేవ్ హానా అథ్లెట్స్ ఇన్ యాక్షన్ మొదలుపెట్టాడు. దాని జట్టు కాలేజీ జట్లతో ఆడి, విరామ సమయంలో సాక్ష్యం చెప్పేది.

ఇక్కడే ఒకటి పోగొట్టుకున్నామని నాకు అనిపిస్తుంది. స్ప్రింగ్‌ఫీల్డ్ వాళ్లకు ఆటే పరిచర్య. 1954 తర్వాత వాళ్లకు ఆటగాడి పేరు పరిచర్యకు పనిముట్టు అయింది. పేరున్నవాడి వెనక పదిమంది వస్తారన్నది నిజమే. కానీ పేరు లేనివాడు, జట్టులో ఉండీ మైదానంలోకి దిగనివాడు, వెనక వరసలోకి జారిపోయాడు. మెక్‌లానెన్ తర్వాత ఈ సంస్థను వదిలి, ధనవంతులైన విశ్వాసులతో డబ్బు గురించి నిర్మొహమాటంగా మాట్లాడే మినిస్ట్రీ ఆఫ్ మనీ అనే పరిచర్య పెట్టాడు. పేరు ప్రతిష్ఠల బలం మీద మొదలైన ఆయన దారి అక్కడికి చేరడం నాకు గొప్పగా తోస్తుంది.

ఇప్పటి కాలేజీ ఆటగాడికి ఈ సంస్థలు కలిసి పనిచెయ్యడం అవసరం. వారానికి సాధన ఇరవై గంటలు దాటకూడదన్న నియమం ఉంది కానీ ప్రయాణాలు ఆ లెక్కలోకి రావు. ఆదివారం ఆరాధనకు వెళ్లే వీలుండదు, వారం మధ్య కూడికకూ ఉండదు. 2021 నుంచి పేరు అమ్ముకుని సంపాదించే వీలు కూడా వచ్చి, పంతొమ్మిదేళ్ల పిల్లల మీద బరువు పెరిగింది. అలాంటి పిల్లవాడి చుట్టూ రెండు సంస్థలు మావాడు, మీవాడు అని లెక్కలు రాసుకోవడం అన్యాయం. బైబిలు అధ్యయనం ఒకరు చూసుకుని, కోచ్‌ల కుటుంబాలను ఇంకొకరు చూసుకుంటే ఆ పిల్లవాడికి ఊపిరాడుతుంది.

మన తెలుగు రాష్ట్రాల కాలేజీల్లోనూ యు.ఇ.ఎస్.ఐ. లాంటి విద్యార్థి సహవాసాలు ఉన్నాయి. వాటిని నడిపేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. ఈ వారం మీ కాలేజీ మైదానానికి వెళ్లండి. డ్రిల్లు మాస్టారిని పలకరించి, దెబ్బ తగిలి ఆటకు దూరమైన పిల్లలెవరో అడగండి. పక్క సహవాసం వాళ్లను కూడా వెంట తీసుకెళ్లండి.